యాభైరెండు ఇళ్ళ జవాబు

మెట్లెక్కి వచ్చిన అమ్మాయి కాళ్ళకు ఒకే చెప్పు ఉంది.

"రెండోది యాడ పోయిందమ్మా?" అని అడిగింది సుబ్బరత్నమ్మ.

"వీధిలోనే ఉండాది మేడమ్. ఆగి తీసుకోవాలంటే భయమేసింది."

సుబ్బరత్నమ్మ ఇరవై రెండేళ్ళు ఒక బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకున్న మనిషి. ఆ ఉద్యోగం మానేశాక కర్నూలు పాతబస్తీలో, బట్టల అంగడి పైగదిలో, డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. నందికొట్కూరు నుంచి వచ్చి చేరిన సుప్రజ ఆమెకు సహాయకురాలు. ఎదుటి మనిషి దగ్గు విని కూడా మేడమ్ అబద్ధం పట్టేయగలదని సుప్రజ నమ్మకం. సుప్రజ గబగబా ఫ్యాను వేసి, వచ్చిన అమ్మాయికి కుర్చీ జరిపింది.

ఆ అమ్మాయి పేరు నాగజ్యోతి. వంకగడ్డ కాలనీలో ఉంటుంది. కోసిగి వైపు నుంచి కూలికి వచ్చి స్థిరపడిన వాళ్ళ కాలనీ అది. మూడేళ్ళ క్రితం దాన్ని బాగు చేస్తామని ఒక పథకం వచ్చింది. రోడ్లు వేశారు, కాలువలు తవ్వారు, ఇంటింటికీ కొళాయి పెట్టారు. బాగు చేయకముందు అరవై ఇళ్ళలో సర్వే చేశారు. ఎంత బాగుపడిందో చూడాలని పోయిన నెల అవే అరవై ఇళ్ళలో మళ్ళీ చేశారు. ఈసారి ఇల్లిల్లూ తిరిగి కాగితాలు రాసింది నాగజ్యోతే.

"నీళ్ళున్నాయా అని అడిగితే అందరూ లేవనే చెప్పినారు మేడమ్. కొళాయి ఉండాది గానీ దాంట్లో గాలి తప్ప ఏం రాదు. నేను రాసిచ్చినా. ఇప్పుడేమో యాభైరెండు ఇళ్ళలో నీళ్ళుండాయని ఫలితం వచ్చింది. రేపు సాయంత్రం నుంచి ట్యాంకరు ఆపేస్తారంట." నాగజ్యోతి కుర్చీ అంచున కూర్చుని చున్నీ కొసను వేలికి చుడుతూ, విప్పుతూ ఉంది. "నేనే ఇంట్లో కూర్చుని రాసేసినానంటాండారు. పొద్దున ట్యాంకరు వరసలో నుంచి మా అమ్మను బయటికి నెట్టినారు. మేం ఆ కాలనీలో ఎట్లుండాలి మేడమ్?"

సుబ్బరత్నమ్మ లేచి చేతిసంచీ తీసుకుంది. "సుప్రజా, ఆటో పిలువు."

కాలనీలో కొత్త సిమెంటు రోడ్డు తెల్లగా మెరుస్తోంది. వాళ్ళను చూసి రెండు తలుపులు ధడేల్మని మూసుకున్నాయి. మూడో ఇంటి హంపమ్మ మాత్రం గడపలో నిలబడి నాగజ్యోతిని ఎగాదిగా చూసింది.

"ఏం తల్లీ, ఇంకా ఎన్ని ఇండ్లకు నీళ్ళు తెప్పిస్తావు నీ పెన్నుతో?"

సుబ్బరత్నమ్మ మధ్యలోకి వచ్చింది. "నీళ్ళ సంగతి తేల్చడానికే వచ్చినానక్కా. కాసేపు కూర్చోవచ్చునా?"

"కూర్చో. టీ పెడదామంటే చక్కెర నిండుకుండాది. బెల్లం ముక్క ఇస్తా, నోట్లో వేసుకో."

సుబ్బరత్నమ్మ బెల్లం నములుతూ నాగజ్యోతి వైపు తిరిగింది. "నువ్వు వచ్చింది ఏ రోజు?"

"శుక్రవారం మేడమ్. కూలోళ్ళకు పని లేని రోజని ఒక్క రోజే అరవై ఇండ్లూ తిరిగినాం, నేనూ ఇంకో ఇద్దరూ. వాళ్ళు అడిగితే నేను రాసినా."

అక్కడి నుంచి నేరుగా సర్వే ఆఫీసుకు వెళ్ళారు. పర్యవేక్షకుడు ఉమామహేశ్ నవ్వుతూ ఎదురొచ్చాడు. గది మూలన తాళ్ళతో కట్టిన అట్టపెట్టెలు ఉన్నాయి.

"ఊరికి పోతాండారా?" అంది సుబ్బరత్నమ్మ.

"బదిలీ అమ్మా, కడపకు. పిల్లోళ్ళు ఆడనే ఉండారు. ఈ కాలనీ పని ముగిసిందంటే కదిలిపోతా." ఆయన కాగితాల కట్ట బల్ల మీద పెట్టాడు. "ఆ పిల్ల రాసినవే. ఒక్క అక్షరం దిద్దలేదు. ప్రతి కాగితం కిందా సరిచూసినట్టు నా సంతకం ఉండాది."

సుబ్బరత్నమ్మ కట్ట విప్పింది. ఈలోపు సుప్రజ, ఆ జవాబులను కంప్యూటరులో అంకెలుగా కొట్టిన జయపాల్‌ను పలకరించింది. బెంగళూరులో పుట్టి అక్కడే చదివిన కుర్రాడు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు.

"ఉంటే ఒకటి, లేకపోతే రెండు. అంతే మేడమ్. ఏముంటే అదే కొట్టాను," అన్నాడు జయపాల్.

"మూడేళ్ళ కింద కొట్టింది ఎవరు?" అని అడిగింది సుప్రజ.

"నరసన్న గారని, డోన్ ఆయన. రిటైరయ్యారు."

బయటికి వచ్చాక సుప్రజ ఆగలేకపోయింది. "కాగితాలు మార్చినారా మేడమ్?"

"లేదు. అన్నీ నాగజ్యోతి చేతిరాతే."

సుప్రజ నడుస్తూ నడుస్తూ ఆగింది. అయితే ఆ అమ్మాయి అబద్ధం చెప్పిందా? మేడమ్ మాత్రం నడక వేగం పెంచింది. "యాభైరెండు కాగితాల్లో మాట్లాడింది ఇంటి ఆడవాళ్ళు. లేవు అన్న ఎనిమిది ఇళ్ళలో జవాబు చెప్పింది బడి పిల్లోళ్ళు. అది ఆలోచించు."

సుప్రజ రాత్రంతా ఆలోచించింది. తేలలేదు.

మర్నాడు శుక్రవారం. పది గంటలకు కాలనీ సముదాయ భవనంలో అందరినీ కూర్చోబెట్టింది సుబ్బరత్నమ్మ. పథకం అధికారి రత్నమణి కడప నుంచి వచ్చింది. ట్యాంకరు ఆపమన్న ఉత్తర్వు ఆమె ఫైలులోనే ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు. నాగజ్యోతి తలుపు పక్కన, ఎటైనా పరుగెత్తడానికి సిద్ధంగా ఉన్నట్టు నిలబడింది.

"ఉమామహేశప్పా, మీ ఇంట్లో ఉప్పు నిండుకుంటే ఏం చేస్తారు?" అని అడిగింది సుబ్బరత్నమ్మ.

"అంగడికి పోయి తెస్తా. ఇదేం ప్రశ్నమ్మా?"

"జయపాల్, మరి నువ్వు?"

"మూత పెడతాను మేడమ్. నిండింది కదా."

హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. "అయ్యో కొడుకా, నిన్ను చేసుకునే పిల్ల గతేం కానూ!" అంది వెనక నుంచి భీమమ్మ. జయపాల్ బిక్కమొహం వేశాడు. ఉమామహేశ్ ఒక్కడే నవ్వలేదు.

సుబ్బరత్నమ్మ ఒక కాగితం పైకెత్తింది. "దీపం పెట్టే ఇంట్లో, అందులోనూ శుక్రవారం, మన ఆడవాళ్ళు బియ్యం లేవు, నీళ్ళు లేవు అని నోటితో అనరు. నిండుకున్నాయి అంటారు. వాళ్ళ మాటల్లోనే రాయాలని రూలు. నాగజ్యోతి అట్లే రాసింది. యాభైరెండు చోట్లా ఇదే మాట. పిల్లోళ్ళకు ఆ పట్టింపు లేదు, లేవు అన్నారు. మూడేళ్ళ కింద నరసన్నకు ఈ మాట తెలుసు, సరిగ్గా కొట్టినాడు. ఈ అబ్బాయికి తెలీదు. నిండుగా ఉండాయనుకున్నాడు."

"అంటే పొరపాటా?" అంది రత్నమణి.

"జయపాల్‌ది పొరపాటే. ఆ మాటకు అర్థం ఎవరినీ అడగలేదా బాబూ?"

"సార్‌ను రెండుసార్లు అడిగాను. నిండడమంటే నిండడమే, కొట్టు అన్నారు."

ఉమామహేశ్ లేచాడు. "నేనేం దిద్దలేదు! ఒక్క అక్షరం మార్చినానా?"

"మార్చలేదు. మార్చాల్సిన పని రాలేదు," అంది సుబ్బరత్నమ్మ. "ఉప్పు నిండుకుంటే అంగడికి పరుగెత్తే మనిషివి, యాభైరెండు కాగితాలు చదివి, తప్పని తెలిసీ సంతకం పెట్టినావు. కాలనీ బాగైపోయిందంటే నువ్వు కడపకు పోవచ్చు."

ఆయన ఎదురుగా ఉన్న ఆడవాళ్ళను చూసి కూర్చుండిపోయాడు. రత్నమణి ఉత్తర్వును నిలువునా చించింది. ఆయన మీద విచారణ ఉంటుందని చెప్పి, నాగజ్యోతి వైపు తిరిగింది.

"నీళ్ళ ప్రశ్న ఇప్పుడే, నా ముందరే మళ్ళీ అడగాలి. అడుగుతావా?"

నాగజ్యోతి కదల్లేదు. హంపమ్మే లేచి వచ్చి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కొచ్చింది.

"అడుగు."

"ఇంట్లో నీళ్ళుండాయా అవ్వా?" అని అడిగింది నాగజ్యోతి.

హంపమ్మ నోరు తెరిచి ఆగింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఒక్కసారి కళ్ళు మూసుకుని, తెరిచింది.

"లేవు," అంది. "రాసుకో తల్లీ. లేవు."

భీమమ్మ లేచి ఆమె వెనక నిలబడింది. ఆమె వెనక ఇంకొకరు.