దోత్సే వేలిముద్ర

ఓట్ల రోజు పొద్దున, హోహోయే ఊళ్లోని తన ఇంట్లో యాయ్రా జొన్నగంజి కాచి, వేడి అలసంద వడలు తండ్రి చేతికి అందించింది. దోత్సేకి చూపు పోయి చాలా ఏళ్లయింది. అప్పట్నుంచీ ఆయన ఓటు కూతురే దగ్గరుండి వేయిస్తోంది.

"ఈసారి నేనే వేసుకుంటానమ్మా. మాలాంటి వాళ్లకి అట్ట తొడుగు పెట్టారు. కాగితం అందులో దూరుస్తారు. పేరు పేరుకీ పక్కన వేలిముద్ర వేయడానికి బెజ్జం, వరస తెలియడానికి బొడిపెలు. మా చూపులేని వాళ్ల సంఘంలో నేర్పించారు."

యాయ్రా గంజి గరిట పక్కన పెట్టేసింది. "ఈ వయసులో నీకెందుకు నాన్నా తంటాలు? పోయినసారి నేను వేయించలేదూ?"

"వేయించావులే," అన్నాడాయన వడ తుంచుకుంటూ.

ఓట్లు వేసే బడి దగ్గర ఆఫీసరు తొడుగు బయటికి తీయగానే యాయ్రా అడ్డం వచ్చింది. "ఆయన తప్పు వేస్తారండీ. నేనూ లోపలికి వస్తాను."

"చెయ్యి వదలమ్మా, ముసలాయన్ని అత్తారింటికి పంపుతున్నావా ఏం?" అని వరసలో ఎవరో అంటే అంతా నవ్వారు.

దోత్సే కూతుర్ని పక్కకి లాగి గొంతు తగ్గించాడు. "పోయినసారి మూడో పేరన్నాను. నువ్వు ముద్ర వేయిస్తుంటే నా వేలికి కాగితం పై అంచు తగిలింది. పైనున్నది మీ ఆయన ప్రచారం చేసిన మనిషి పేరే కదూ?"

యాయ్రా ఆయన చెయ్యి వదిలేసింది. "తెలిసీ... అడగలేదేం నాన్నా?"

"నలుగురిలో నీ తల దించడం ఇష్టంలేక. ఇంటికొచ్చాక నువ్వే చెబుతావనుకున్నాను."

ఆమె చెప్పలేదు. అలా వేయించమన్నది మొగుడే. కానీ 'నాన్నకేం తెలుస్తుందిలే' అనుకున్నది మాత్రం తనే. తండ్రి కళ్లు తనని చూడలేవని తెలిసీ తలెత్తలేకపోయింది.

దోత్సే ఒంటరిగా తెర వెనక్కి వెళ్లాడు. ఎంతకీ రాలేదు. వెనక జనం సణిగారు.

"మీకేం తొందర? నిదానంగా వేసుకోనివ్వండి!" యాయ్రా వాళ్లవైపు తిరిగి అంది.

ఆయన వచ్చి, పెట్టె తడిమి, కాగితం తానే వేశాడు. బయటికి రాగానే యాయ్రా ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేసింది. "తప్పు చేశాను నాన్నా."

సిరా అంటిన వేలితోనే ఆయన ఆమె చెంప తుడిచాడు. "ఎవరికేశానో అడగవేం?"

"అడగను."

"అడిగినా చెప్పను," అని పకపకా నవ్వాడు దోత్సే. "పద తల్లీ, ఎండెక్కుతోంది."