వరస తప్పిన జవాబు

"అల్లుడూ, ఊరికి విషం పెడుతున్నారు."

కాఫీ చల్లారిందన్నంత మామూలుగా చెప్పాడు మామయ్య. నిజానికి ఆయన ఎవరికీ మామయ్య కాడు, ఆ గూఢచారి శాఖకి చీఫ్. శాఖలో అసలు పేర్లు నిషిద్ధం. కోడ్ పేర్లన్నీ చుట్టరికాలే. చీఫ్ మామయ్య, ఏజెంట్ అల్లుడు. శత్రువుల ముఠాలో దూరి, అక్కడి నమ్మకమూ ఇక్కడి జీతమూ రెండూ తీసుకుంటున్న అందగత్తె మరదలు. ఇంట్లో వరసలు మర్చిపోయినా ఫర్వాలేదు కానీ ఆఫీసులో వరస తప్పితే సస్పెన్షనే.

"ఎలా పెడతారు మామయ్యా?"

"నీళ్ల ప్లాంటులో క్లోరిన్ వాల్వు. ముఠా నాయకుడు తన అడ్డాలో కూర్చుని 'తెర తియ్యి' అని ఒక్క మెసేజ్ పంపుతాడు. అది వచ్చి క్యూలో నిలబడుతుంది. వాల్వు కంట్రోలర్ దాన్ని చదివి, ట్యాంకు మొత్తం ఊరి నీళ్లలోకి దింపేసి, 'తీశాను' అని జవాబిస్తుంది."

"లైను కోసేద్దాం."

"కోస్తే వాడికి తెలిసిపోతుంది. నిమిషంలో జవాబు రాకపోతే రెండో లైను వాడతాడు. అదెక్కడుందో మరదలిక్కూడా తెలీదు." మామయ్య కళ్లజోడు తుడుచుకున్నాడు. "మెసేజ్ వాల్వుకి చేరకూడదు. జవాబు మాత్రం వాడికి చేరాలి. వాడు సంబరపడి కీబోర్డు వదిలిన క్షణంలో, గుమ్మం బయటున్న మనవాళ్లు తలుపు బద్దలుకొడతారు."

"అంటే సర్వీస్ వర్చువలైజేషన్."

"మనుషుల భాషలో చెప్పరా."

"టెస్టింగ్ వాళ్లు చేసే పని మామయ్యా. అసలు సర్వీసు అందుబాటులో లేనప్పుడు, అచ్చం దానిలాగే మాట్లాడే దొంగ సర్వీసు పెడతారు. అవతలివాళ్లకి తేడా తెలీదు. అదీ మారువేషమే, మీసం ఒక్కటే తక్కువ."

"తయారు చెయ్యడానికి ఎన్నాళ్లు?"

"రెడీగా ఒకటుంది."

"ఎక్కడిది?"

అల్లుడు నీళ్లు నమిలాడు. ఆ ఊళ్లో ఆ రోజు నీళ్లు నమలడం ఎంత ప్రమాదమో తెలిసి కూడా నమిలాడు. "ప్రాక్టీసుకి... చేసుకున్నా."

ప్రాక్టీసు చేసింది పెళ్లాం మీద.

ఒకసారి శత్రువుల ఆఫీసు పైకప్పు గొట్టంలో తలకిందులుగా వేలాడుతుంటే జేబులో ఫోను "తిన్నారా?" అని గుర్రుమంది. కిందివాళ్లు తలెత్తారు. ప్రాణం దక్కింది కానీ అతనికి బుద్ధి పుట్టింది. వక్రబుద్ధి. ఆవిడ మెసేజులన్నీ ఒక క్యూలో పడేటట్టు, వాటికి దొంగ సర్వీసు జవాబులిచ్చేటట్టు ఏర్పాటు చేశాడు. "ఎక్కడున్నారు?" అంటే "మీటింగ్‌లో ఉన్నా. తర్వాత మాట్లాడతా." "తిన్నారా?" అంటే "తిన్నా. నువ్వు?" ఆ చివరి "నువ్వు?" పెట్టినందుకు తన భుజం తనే తట్టుకున్నాడు కూడా. ఆ మిషన్ ముగిసింది. దొంగ సర్వీసు మాత్రం రిటైరవలేదు. శాఖ సర్వర్ మీదే, శాఖకి తెలియకుండా, సంసారం చేస్తూనే ఉంది.

మొన్న భోజనం దగ్గర ఆవిడ అంది: "ఈ మధ్య మీరు చాలా మారారండీ. అడగ్గానే జవాబిస్తున్నారు. నువ్వు తిన్నావా అని కూడా అడుగుతున్నారు."

ఆ ముద్ద అతని గొంతు దిగలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది.

అసలే ఆవిడ చెవి డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేస్తుంది. శబ్దం పెట్టకుండానే "వినిపించిందా?" అని అడిగి, తలూపినవాళ్లని పట్టేస్తుంది. ఇన్నాళ్లూ మొగుడి మీద ఆ పరీక్ష పెట్టలేదంటే, నమ్మింది కాబట్టి.

నీళ్ల ప్లాంటు కంట్రోల్ రూములోకి అల్లుడు పంపులకి గ్రీజు పెట్టే మెకానిక్ వేషంలో వెళ్లాడు. పెట్టుడు మీసం, మరకల చొక్కా, టూల్‌బాక్సులో పానాల కింద లాప్‌టాప్. ఒక చెవిలో, ఆ లాప్‌టాప్ స్క్రీనుని ఆఫీసు నుంచే చూస్తున్న మామయ్య. రెండో చెవిలో మరదలు. ఆవిడ మైకు లిప్‌స్టిక్‌లో ఉంది. మరలు, మర్మాలు రెండూ తెలిసిన మరదలు.

పంపుల హోరులో గోడలు వణుకుతున్నాయి. అతను ఇంటి కనెక్షన్ సెట్టింగులనే కాపీ కొట్టి తెరిచాడు. హోస్టు, శాఖ సర్వరే. పోర్టు సరే. ఛానెల్ సరే. ఇక జవాబు దారి. దాన్ని ప్రతి మెసేజూ తనతోనే మోసుకొస్తుంది కాబట్టి ఎవరి జవాబు వాళ్లకే వెళ్తుంది. కొత్త రూలు ఒకటి రాశాడు: మెసేజ్‌లో "తెర" అన్న మాట కనిపిస్తే చాలు, "తీశాను. ట్యాంకు ఖాళీ" అని జవాబు. ముఠా లైనుని దీనివైపు మళ్లించి కనెక్ట్ నొక్కాడు. పచ్చలైటు వెలిగింది. గర్వంగా మీసం మెలేశాడు. సగం ఊడి చేతికొచ్చింది.

మార్చాల్సింది ఒక్కటే మిగిలిపోయింది. క్యూ పేరు. అది ఇంటిదే ఉంది. అంటే ముఠా నాయకుడూ, పెళ్లామూ ఒకే వరసలో నిలబడ్డారు!

ముఠా నుంచి పరీక్ష మెసేజ్ వచ్చింది: "సిద్ధమా?"

బయటికెళ్లేటప్పుడు ఆవిడ అడిగే మాటే అది. ఇంటి రూలే పలికింది: "నేనెప్పుడో సిద్ధం. ఆలస్యమంతా నీదే."

"వాల్వు నాకు ఎదురు చెబుతోందేంటి?" అన్న నాయకుడి గొంతు లిప్‌స్టిక్‌లోంచి వినిపించింది.

"కొత్త వెర్షన్ బాస్. ఆత్మవిశ్వాసం ఎక్కువ," అంది మరదలు. తర్వాత గొంతు తగ్గించి, "బావా, ఇది వాల్వు మాటలా లేదు. మొగుడి మాటలా ఉంది."

బావ సెట్టింగులు మళ్లీ చూశాడు. క్యూ పేరు ఇంటిదే. పేరు మారుద్దామంటే కనెక్షన్ తెంచాలి. తెగితే అవతల తెలిసిపోతుంది. ఇంతలో ఇంటి నుంచి మెసేజ్: "కిటికీకి ఏ తెర కొనమంటారు, నీలమా పచ్చా?"

"తీశాను. ట్యాంకు ఖాళీ," అంది దొంగ సర్వీసు, ఠంచనుగా.

కాసేపు నిశ్శబ్దం. శబ్దం పెట్టకుండా పరీక్షించే మనిషి నిశ్శబ్దం అది. ఆ తర్వాత వచ్చింది: "నాతో మాట్లాడుతున్నది మీరేనా?"

దీనికి రూలు లేదు. దొంగ సర్వీసు నోరు వెళ్లబెట్టింది. స్క్రీను మీద ఎర్రగా: ఈ మెసేజ్‌కి జవాబు చేత్తో ఇవ్వండి, ఆ తర్వాతే వరస కదులుతుంది.

ఆ మెసేజ్ వెనకే, వీపుకి వీపు ఆనించినట్టు, రెండోది వచ్చి నిలబడింది. "తెర తియ్యి."

"బావా, వాడు గడియారం చూస్తున్నాడు!"

"ముందున్నదాన్ని తీసి పారెయ్యరా!" అని అరిచాడు మామయ్య.

"తీస్తే వరసంతా తుడిచిపెట్టుకు పోతుంది మామయ్యా. వాడి మెసేజ్ కూడా."

"అయితే జవాబు కొట్టు! ఏముంది, 'అవును' అని కొట్టు!"

నిజమే. ఏముంది? అబద్ధమైనా వరస కదులుతుంది. ఊరు బతుకుతుంది. ఇల్లు కూడా ఎప్పటిలాగే ఉంటుంది. అతని వేళ్లు అలవాటుగా "అవు" దాకా వెళ్లాయి.

గొంతులో ముద్ద కదిలింది. అడగ్గానే జవాబిస్తున్నారండీ.

జవాబు దారి ఇన్నాళ్లూ సరిగ్గానే ఉంది. లేనిది జవాబుదారీతనం.

"వాడి చెయ్యి రెండో కీబోర్డు మీదికి పోతోంది బావా!"

చెరిపేశాడు. కొట్టాడు: "కాదు. చాలా కాలంగా కాదు. తప్పు నాది."

వరస కదిలింది. వెనకున్న "తెర తియ్యి" ముందుకొచ్చింది. "తీశాను. ట్యాంకు ఖాళీ," అని దొంగ సర్వీసు దొంగ నాయకుడికి విన్నవించుకుంది. అసలు వాల్వు ఏమీ తెలియని పసిపాపలా బిగుసుకునే ఉంది. లిప్‌స్టిక్‌లో ధన్‌మని చప్పుడు, ఆపైన బూట్లు.

"అయిపోయింది బావా," అంది మరదలు. "వాడు సంబరంగా చేతులు పైకెత్తాడు. మనవాళ్ల తుపాకులు చూసి అలాగే ఉంచేశాడు."

ఆ మధ్యాహ్నం ఊళ్లో అందరూ కుళాయిలు తిప్పి నీళ్లు తాగారు. ఎవరికీ ఏమీ కాలేదు. అల్లుడికి మాత్రం గుక్క దిగలేదు.

"మెడల్ ఇస్తాను, మెమో కూడా ఇస్తాను," అన్నాడు మామయ్య. "శాఖ సర్వర్ మీద సంసారమేమిట్రా? మీ ఆవిడ ఏమంది?"

"ఇంకా ఏమీ అనలేదు."

అదే భయం. బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, మీసం పూర్తిగా పీకేసి, దొంగ సర్వీసుని ఆపేశాడు. చాలా రోజుల తర్వాత మొదటిసారి సొంత వేళ్లతో పెళ్లానికి మెసేజ్ కొట్టాడు: "ఇంటికి రావచ్చా?"

అడగ్గానే జవాబు వచ్చింది.

"మీటింగ్‌లో ఉన్నా. తర్వాత మాట్లాడతా."

చెవి డాక్టరు దగ్గర మీటింగులేమిటి? మళ్లీ కొట్టాడు: "తిన్నావా?"

"తిన్నా. మీరు?"

ముఠాల గుట్టు రట్టు చేసిన అంతటి గూఢచారీ, ఆ "మీరు?" మనిషి అడిగిందో, మర అడిగిందో తేల్చుకోలేక, ఆకలి కడుపుతో మెట్ల మీదే కూర్చుండిపోయాడు.