ఆడపడుచు అడిగిన సగం

నవంబరు పదకొండు, మంగళవారం, ఉదయం. డ్రైక్లీనింగ్ దుకాణం పైనున్న ఇంట్లో, భోజనాల బల్ల చుట్టూ చేరినవారు అయిదుగురు: ఇంటి పెద్దావిడ, దుకాణం నడుపుతున్న ఆమె కొడుకు, కోడలు, బీమా సంస్థలో ఉద్యోగం చేస్తూ ఊరికి ఆ చివర ఒంటరిగా ఉంటున్న కూతురు, పెద్దావిడకు మరిది, పిల్లలకు బాబాయి అయిన ముసలాయన. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఆయనకు, ఎవరెవరు హాజరయ్యారో కాగితం మీద పెట్టుకోనిదే మాట మొదలుపెట్టడం చేతకాదు.

“ఉన్నది మనమే కదండీ చిన్నమామయ్యా. రాసుకోకపోతే తప్పిపోతామా?” అంది కోడలు, టీ గ్లాసులు సర్దుతూ.

“రేపు ఎవరైనా 'ఆ రోజు నేను లేను' అంటేనో?”

“ఈ ఇంట్లో ఎవరూ ఏదీ అనరు. అదేగా మన రోగం.”

ఎవరూ నవ్వలేదు. దుకాణమూ ఇల్లూ కలిసిన ఆ భవనం తండ్రి కట్టించినది. నిరుడు ఆయన చనిపోయిన నెలలోనే కూతురు వకీలు చేత నోటీసు పంపించింది: తల్లి ఎలాగూ వాటా వద్దంది కనుక, తన సగం తనకు డబ్బుగా కావాలని. అంత సొమ్ము అన్న దగ్గర లేదు. ఇవ్వాలంటే భవనం అమ్మాలి. అమ్మితే దుకాణం మూతపడుతుంది. ఏడాదిగా అన్నాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు. చివరికి నిన్న అన్నే ఫోను చేసి, “అమ్మేద్దాం, రా” అన్నాడు. ఆ ఒప్పందం రాయడానికే బాబాయి వచ్చాడు.

కింద ఇస్త్రీ యంత్రం ఆవిరి బుసకొడుతోంది.

“రాసెయ్యండి బాబాయ్, సగానికి సగం,” అన్నాడు అన్న. “దానికి ఏ లోటూ రాకూడదు. పాపం, జీతమూ బోనసూ తప్ప ఇంకే ఆధారమూ లేనిదాయె.”

“ఎత్తిపొడవకు అన్నయ్యా. నా వాటా నేనడిగాను. ముష్టి అడగలేదు.”

కోడలు కుర్చీ లాక్కుని ఆడపడుచు పక్కన కూర్చుంది. “అమ్మాయ్, ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. ఆ డబ్బుతో ఏం చేస్తావు?”

ప్రశ్నలో వెటకారం లేదు. అందుకే జవాబు చెప్పక తప్పలేదు. భవనం విలువ, కట్టవలసిన పన్ను, చేతికి మిగిలే మొత్తం అన్నీ లెక్కకట్టి పెట్టుకున్న చెల్లెలు, ఈ ఒక్క సంగతి ఆలోచించలేదని అప్పుడే గమనించింది.

“బ్యాంకులో వేస్తాను.”

“వేశాక?”

“ఉంటుంది.”

“ఇల్లేమైనా కొంటావా?”

“ఉందిగా వదినా.”

“పోనీ, ఎక్కడికైనా తిరిగొస్తావా?”

“బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది నాకు, తెలుసుగా.”

“అంటే దాని డబ్బు బ్యాంకులో పడుకోవడానికి నా దుకాణం పోవాలన్నమాట!” అన్న గ్లాసును బల్లమీద కొట్టినట్టు పెట్టాడు. “డబ్బాశ అని ఒప్పుకోవచ్చుగా! ఒక్క మాటతో తేలిపోతుంది.”

“ఒరేయ్!” అంది తల్లి.

చెల్లెలు లేవలేదు, గొంతు పెంచలేదు. లెక్కలో తేడా వస్తే మొదటి అంకె నుంచి మళ్లీ చూసుకోవడం ఆమెకు అలవాటు. ఇప్పుడూ అదే చేసింది. ఆ సొమ్ము తన చేతికి అందుతున్నట్టు ఊహించుకుంది. సంతోషం కలగలేదు. ఊహలో తాను చూస్తున్నది డబ్బును కాదు; దాన్ని ఇస్తున్న అన్న ముఖాన్ని.

“ఆశే,” అంది నెమ్మదిగా. “దేనిమీదో చెప్తాను, విను. నాకు పదకొండేళ్లప్పటి నుంచి ఉద్యోగంలో చేరేదాకా, కింద కిటికీ పక్కన కూర్చుని కోట్లకు రఫూ చేసింది నేను. లోపలి మడతలోంచి పోగులు లాగి, చిరుగు ఎక్కడుందో తెలియకుండా అల్లేదాన్ని. నాన్న కోటును వెలుతురుకు పట్టి చూసేవాడు. ఏమీ కనిపించకపోతే పక్కన పెట్టేవాడు. అదే నాకు మెచ్చుకోలు. ఎవరి పనితనమండీ అని ఎవరైనా అడిగితే, మా దుకాణానిది అనేవాడు.”

“అయితే?”

“అయితే, నాన్న పోయినప్పుడు వచ్చినవాళ్లతో నువ్వేమన్నావు? 'నాన్నా నేనూ, ఇద్దరమే ఈ దుకాణాన్ని నిలబెట్టాం' అన్నావు. నేను నీ పక్కనే నిలబడి ఉన్నాను అన్నయ్యా. మర్నాడు వకీలు దగ్గరికి వెళ్లాను. డబ్బు ఎలా అడగాలో నాకు తెలుసు, దానికి చట్టముంది. ఇది ఎలా అడగాలో తెలియలేదు.”

అన్న కోపం ఎక్కడికీ పోలేదు. నిలబడడానికి చోటు వెతుక్కుంటోంది.

“నీకొక్కదానికేనా బాధ? ఓడరేవులో ఇంజనీరు ఉద్యోగం వచ్చింది నాకు. నాన్న నడుం పడిపోయిందని ఆగిపోయాను. నాతో చదివినవాళ్లే కార్లు దిగి, మాసిన బట్టలిచ్చి, 'ఇంకా ఇక్కడేనా?' అని పోతుంటారు. భవనమైనా నాదేలే అనుకుంటే ఆ మంట కాస్త చల్లారేది. నువ్వు సగం అడిగేసరికి, నా ఇరవయ్యేళ్లలో పదేళ్లు కోసుకుపోతున్నట్టనిపించింది.”

కోడలు భర్తకేసి తేరిపార చూసింది. “గల్లాపెట్టెలో చిల్లర తగ్గితే ఇల్లంతా లేపుతారు. ఇంత సంగతి కడుపులో పెట్టుకుని నాతో ఒక్క ముక్కైనా అనలేదేం?”

“అడిగావా?”

“చాల్లెండి! అడిగినవాటికి మాత్రం చెప్పి చచ్చారా?”

ఈసారి చెల్లెలికి నవ్వొచ్చింది. నవ్వుతోపాటు కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి. తుడుచుకోలేదు.

బాబాయి కలం పట్టుకుని అటూ ఇటూ చూశాడు. “ఇంతకీ అమ్మకం రాయనా, మాననా?”

“మానండి,” అంది చెల్లెలు. “కానీ వాటా వదులుకోను.”

“వదులుకోమని నేనూ అనను,” అన్నాడు అన్న.

ఆ తర్వాత జరిగిందంతా బేరమే. అయితే తలకిందుల బేరం. భవనం ఇద్దరి పేరా సమానంగా ఉండాలన్నారు. దుకాణం రాబడిలో ముందు అన్నకు జీతం, మిగిలినదాంట్లో చెరిసగం అన్నారు. జీతం ఎంతన్న దగ్గర పేచీ వచ్చింది. అన్న చెప్పిన అంకెను చెల్లెలు దాదాపు రెట్టింపు చేసింది.

“అంత జీతమా? దుకాణం మునుగుతుందే!”

“మునగదు, నేను లెక్కేశాను. నీ పనికి నువ్వే వెల తక్కువ కట్టుకోవడం ఇకనైనా మానెయ్.”

అన్న తలవంచుకున్నాడు. “బాబాయ్, అన్నిటికన్నా పైన ఒక వాక్యం రాయండి,” అన్నాడు. “ఈ దుకాణానికి పేరు తెచ్చిన రఫూ పని నా చెల్లెలు చేసినది.”

“ఇలాంటివి ఒప్పందాల్లో రాయరురా.”

“మీరు రాయండి.”

“దాని కిందే,” అంది చెల్లెలు, “వచ్చిన ఉద్యోగం మానుకుని మా అన్నయ్య ఇక్కడ నిలబడ్డాడని కూడా.”

బాబాయి గొణుక్కుంటూనే రాశాడు. అన్నాచెల్లెళ్లు సంతకాలు చేశాక, కాగితాన్ని పెద్దావిడ ముందుకు జరిపాడు. “సాక్షి సంతకం మీది వదినా.”

“సాక్షి అంటే, చూసినదనేగా?”

“అవును.”

ఆమె మొదటి వాక్యం మీద వేలుంచింది. “చూశాను. ఇది కళ్లు నులుముకుంటుంటే దీపం దగ్గరికి జరిపాను. రఫూకి ఇచ్చినవాళ్లు అడిగినప్పుడు 'మా అమ్మాయే చేసింది' అనడానికి మాత్రం నోరు పెగల్లేదు. వీడు ఉద్యోగం కాగితం చింపుతుంటే, వద్దురా అని కూడా అనలేదు. అన్నీ చూసి ఊరుకున్నానని రాయి.”

“అదేం అవసరం లేదమ్మా,” అంది కూతురు.

“నాకుంది,” అంది తల్లి.

బాబాయి అదీ రాశాడు. పెద్దావిడ ఒక్కొక్క అక్షరమే దిద్ది సంతకం చేసింది. సిరా ఆరేదాకా ఆగి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తన అలమారాలో బట్టల కింద దాచి తలుపు వేసింది.