ఉల్క రాలిన చోట

ఢాం!

బులెట్ చెవి పక్కనుంచి దూసుకుపోతుంది.

దేవకుమారి ఆగదు. పరిగెడుతూనే ఉంటుంది.

అరిజోనా ఎడారి. 1983 ఆగస్టు. సాయంత్రమైనా ఇసుక నిప్పుల కుంపటే! అరికాళ్లు బొబ్బలెక్కాయి. నొప్పి మాత్రం తెలియడం లేదు. భర్తను పూడ్చిపెట్టిన రోజునుంచీ ఆమెకు ఏదీ తెలియడం లేదు.

వెనక జీప్... దగ్గరకొచ్చేస్తోంది!

ఆ ఎర్రబండ దాకా వెళ్తే చాలు.

భుజాన సంచిలో రాయి. పిడికెడే... కానీ ఇనుపగుండంత బరువు. వేల ఏళ్ల కిందట ఈ ఎడారిలో పడి చెదిరిపోయిన ఉల్క ముక్క. ఆమె భర్త ప్రేమానందం ఈ ముక్కలు ఏరడానికొచ్చే చచ్చిపోయాడు. గుట్ట మీంచి జారిపడ్డాడని చెప్పాడు వెంట వెళ్లిన స్నేహితుడు సత్యానందం. సమాధి దగ్గర ప్రార్థన చేసిందీ అతనే.

ఇప్పుడు జీప్ నడుపుతున్నదీ అతనే!

పొద్దున ఫోన్‌లో ఆమె ఒక్కమాటే చెప్పింది. "రాయి దొరికింది, సాయంత్రం ఆ గుట్ట దగ్గరికి రండి అన్నయ్యా."

అంతే. వెంటపడ్డాడు.

కీచుమంటూ బ్రేక్! సత్యానందం కిందికి దూకుతాడు. చేతిలో పిస్టల్.

ఆమె బండకు వీపు ఆనించి నిలబడుతుంది.

"అదిలా ఇచ్చెయ్, చెల్లెమ్మా."

"దీంతోనే కదా... ఆయన తల పగలగొట్టారు?"

ఆమె గొంతులో ఏడుపు లేదు. కోపమూ లేదు.

"ఇన్ని లక్షల రాళ్లలోకి విసిరేశా! ఎలా దొరికిందే నీకు?"

"మామూలు రాయైతే దొరికేది కాదు. ఇది ఇనుము. మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగాను. వెంట్రుకలు ఇంకా అంటుకునే ఉన్నాయి."

"వాడిదే తప్పు! పెద్ద ముక్క దొరికింది, చెరిసగం అమ్ముకుందాంరా అన్నా. మ్యూజియంకి ఇచ్చేస్తానన్నాడు. చేతిలో ఉన్న ఈ చిన్న ముక్కతో ఒక్క దెబ్బ... అంతే!"

పిస్టల్ ఆమె నుదుటికి లేస్తుంది.

"డ్రాప్ ఇట్!"

బండ వెనకనుంచి షెరిఫ్! తుపాకీ గురి సూటిగా సత్యానందం గుండెకే.

పిస్టల్ ఇసుకలో పడుతుంది. సత్యానందం చేతులెత్తి, ఇంగ్లీష్‌లో అరుస్తాడు. ఈమె దొంగ సర్... నా రాయి ఎత్తుకుపోతోంది!

తర్వాత ఆమె వైపు తిరిగి, గొంతు తగ్గించి నవ్వుతాడు.

"పిచ్చిదానా! తెల్లోడికి తెలుగొచ్చా? ఏం విన్నాడు వాడు?"

"ఆయనకి రాదండీ."

షెరిఫ్ వెనకనుంచి ఆడగొంతు.

సత్యానందం నవ్వు అక్కడే గడ్డకట్టిపోతుంది.

లూసీ! అతని భార్య!

నిన్న దేవకుమారి చెప్తే లూసీ నమ్మలేదు. నా చెవులతో నేనే వింటానంది.

"ఆయనకి రాదు. నాకొచ్చు కదండీ!"

లూసీ షెరిఫ్ వైపు తిరుగుతుంది. మొదటి మాటనుంచీ... ఇంగ్లీష్‌లో చెప్పడం మొదలుపెడుతుంది.