మాయమైన ఆరు తప్పులు

బళేపేటలో గాజుల కొట్టు మీది గదే డిటెక్టివ్ కృష్ణప్ప ఆఫీసు. ఆ ముసురు రోజు మెట్లెక్కి వచ్చిన పల్లవి ముఖంలో నెత్తురు చుక్క లేదు. తోడొచ్చిన స్నేహితురాలు నవ్య గొడుగు ముడిచి ఒక మూల నిలబడింది. అసిస్టెంట్ స్పందన ఇద్దరికీ కాఫీ ఇచ్చి నోట్‌బుక్ తెరిచింది.

పల్లవి ఒక ప్రైవేటు కాలేజీలో చేనేత డిజైన్ చివరి సంవత్సరం చదువుతోంది. అక్కడ పరీక్షలకు బదులు ఇ-పోర్ట్‌ఫోలియో. మూడేళ్ల పని ఫొటోలన్నీ కంప్యూటర్లో పెట్టాలి, బాగా వచ్చినవే కాదు, చెడినవి కూడా. ప్రతి తప్పు కింద దాన్నుంచి ఏం నేర్చుకున్నారో రాయాలి. ఎక్కడ మొదలై ఎక్కడికి చేరారో చూసి మార్కులు వేస్తారు. పల్లవి మొదటి సంవత్సరంలో చెడగొట్టిన ఆరు నమూనాల ఫొటోలు పోయిన వారం మాయమయ్యాయి. మిగిలినవన్నీ చెయ్యి తిరిగినవాళ్లు చేసినట్టున్న పనులే. నేతపని చేసే తండ్రి నేసినవి తనవిగా పెట్టిందని కొత్తగా చేరిన ప్రొఫెసర్ గీతాంజలి అనుమానం. శుక్రవారం విచారణలో నిరూపించుకోలేకపోతే డిగ్రీ లేదు.

"నా లాగిన్‌తోనే తీసేసినారంట సార్. నా తప్పులు నేనెందుకు తీసేసుకుంటాను?" అంది పల్లవి. గుడ్డ ముక్కలు ఎప్పుడో పారేసింది, ఫొటోలు తీసిన ఫోను పాడైంది.

మర్నాడు స్పందన యలహంకలో పల్లవి ఇంటికి వెళ్లింది. మగ్గం మీద ఎర్రచీర అప్పుడే మొదలైంది. మొదటి వరస మాత్రం పసుపు దారం. తమ ఇంట్లో ఏది నేసినా పసుపుతోనే మొదలుపెడతారనీ, కాలేజీలోనూ పల్లవి అలాగే చేసేదనీ తల్లి నాగమ్మ చెప్పింది. స్పందన వచ్చి ఆ సంగతి చెప్పాక కృష్ణప్ప కాలేజీ అనుమతితో రెండు రోజులు కూర్చుని క్లాసులో అందరి పోర్ట్‌ఫోలియోలూ చదివాడు. ఈయనకు నేతతో ఏం పనని స్పందన విస్తుపోయింది.

శుక్రవారం గీతాంజలి గదిలో అందరూ కూర్చున్నారు. కృష్ణప్ప తెర మీద ఆరు ఫొటోలు వేశాడు. అవి నవ్య పోర్ట్‌ఫోలియోలోవి.

"నవ్యమ్మా, మొదటి వరసలో ఈ పసుపు దారం ఎందుకుండాది?"

"పొరపాటున పడింది సార్. కింద రాశాను కదా."

"రాసినావు. రంగు సరిచూసుకోవడం నేర్చుకున్నానని ఆరు ముక్కలకూ ఆరుసార్లు రాసినావు. అది తప్పు కాదమ్మా, పల్లవి ఇంటి ఆనవాయితీ. తప్పులు వెతికి రాయాలనే కంగారులో దాన్ని కూడా తప్పుల్లో వేసినావు."

దొంగ ఎవరైనా మంచి సరుకే ఎత్తుకుపోతాడనీ, ఇక్కడ చెడినదానికే మార్కులున్నాయనీ కృష్ణప్ప గీతాంజలికి చెప్పాడు. మొదటి ఏడంతా నవ్య కాలేజీకి సరిగా రాలేదు. చూపించుకోవడానికి ఆమె దగ్గర తప్పులు కూడా లేవు. పల్లవి పాస్‌వర్డ్ తెలిసింది ఆమె ఒక్కతెకే. ఆ లాగిన్‌తోనే ఫొటోలు తీసుకుంది. ఒకే ఫొటో రెండుచోట్ల ఉంటే దొరికిపోతానని పల్లవి దాంట్లో చెరిపేసింది.

"మీ దగ్గరికి రావొద్దని పల్లవికి చెప్పాను సార్, వినలేదు," అని నవ్య తల వంచుకుని ఏడ్చింది. పల్లవి ఆమె వైపు చూడలేదు. స్పందనకు గెలిచిన సంతోషం కొంచెం కూడా కలగలేదు.

కాలేజీ జాబితాలోంచి నవ్య పేరు ఆ సాయంత్రమే కొట్టేశారు. పల్లవి తన ఆరు ఫొటోలు మళ్లీ పెట్టుకుంది. ఆరో దాని కింద ఏం నేర్చుకుందో రాయకపోతే కంప్యూటర్ ముందుకు పోనివ్వలేదు. చాలాసేపు కూర్చుని ఒక్క వాక్యం రాసింది. పక్కనున్న స్పందన అది చదివి ముఖం తిప్పుకుంది.

'అడిగి ఉంటే పక్కన కూర్చుని నేనే నేర్పించేదాన్ని.'