షట్టర్ వెనక గొంతు

పూర్ణా మార్కెట్ వెనక సందులో జగ్గారావు ఎస్టీడీ బూత్ ఉండేది. పగలంతా మామూలే. రాత్రి షట్టర్ పడ్డాక మాత్రం... ఆ సందులోకి కుక్క కూడా పోయేది కాదంటారు. లోపల ఒక ఆడమనిషి ఏడుస్తుందట. మొగుడు సముద్రంలో పోయాడన్న కబురు విని, రిసీవర్ చేతిలో ఉండగానే ప్రాణం వదిలిన పిల్లట. ఊరందరికీ ఈ సంగతి చెప్పింది జగ్గారావే.

తొంభై ఎనిమిది, వానాకాలం. నూకాలుకి రొయ్యల కంపెనీలో రెండో షిఫ్టు. ఆ రోజు సరుకెక్కువై పన్నెండున్నరకి వదిలారు. పెద్దరోడ్డు మీద మోకాటి లోతు నీళ్లు. ఇంటికి ఇక ఆ సందే దారి.

చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది. వాన వెలిసి చంద్రుడొచ్చాడు. పారదీప్‌లో బోటు మీదున్న మొగుడు వరహాలు కూడా ఈ చంద్రుణ్ణే చూస్తుంటాడనుకుంటే కాస్త ధైర్యం.

షట్టర్ ముందుకి రాగానే — ఏడుపు.

సన్నగా... వెక్కి వెక్కి...

అక్కడే ఆగిపోయి, నూకాలమ్మ తల్లీ అనుకుంది. అప్పుడా ఏడుపు మాట్లాడింది.

"కడుపు పోనాది బావా... నీకు తప్ప ఎవులికీ సెప్పనేదు."

నూకాలు ఒళ్లు మంచుగడ్డయిపోయింది. ఆ గొంతు — తనదే! రెండు నెలల కిందట, రాత్రి పదకొండు దాటితే ఫోనుకి పావు రేటేనని, ఇదే బూత్‌లో అద్దం తలుపేసుకుని వరహాలుతో అన్న మాట. అత్తకి చెప్పలేదు, కన్నతల్లికీ చెప్పలేదు. మరి లోపల ఏడుస్తున్నదెవరు? తను ఎప్పుడో చచ్చిపోయిందా...?

లోపల ఎవడో కిసుక్కున నవ్వాడు. "ఆగు, అసలు మజా ఇప్పుడొత్తాది" — జగ్గారావు గొంతు.

టేపు. తన ఏడుపుని టేపులో పట్టి, నేస్తగాళ్లకి వినిపిస్తున్నాడు.

భయం ఎటు పోయిందో పోయింది. తర్వాత ఏ మాట రావాలో ఆమెకి తెలుసు. షట్టర్ కంతకి నోరానించి, టేపుకంటే ముందే, మెల్లగా అంది—

"ఒక్కసారి నన్ను పేరెట్టి పిలు బావా..."

లోపల టేపు అదే మాట అంది.

నవ్వు తెగిపోయింది. గాజుగ్లాసేదో పగిలింది. షట్టర్ లేచింది. ఇద్దరు మగాళ్లు ఆమె వైపు కన్నెత్తకుండా, పడుతూ లేస్తూ పారిపోయారు. జగ్గారావు గోడకి అంటుకుపోయాడు. వచ్చింది మనిషేనని తెలిశాక మాత్రం నోరు లేచింది. బూత్ తనది, ఫోను తనది, టేపు తనది... తప్పని ఏ చట్టంలో ఉందో చూపించమన్నాడు.

"గొంతు నాదిరా," అంది నూకాలు.

దొరికిన క్యాసెట్లన్నీ కొంగులో మూటగట్టి, తెల్లారేసరికి పోలీస్ స్టేషన్‌లో ఉంది. రైటర్ రాసుకుంటూ తలూపాడు. సాక్ష్యం లేకుండా కేసు కట్టడం కుదరదమ్మా, ఓసారి వినాలి అన్నాడు. టేప్‌రికార్డర్ తెప్పించాడు. పక్క బల్లల దగ్గరి కానిస్టేబుళ్లు ఒక్కొక్కరే కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు...

అప్పుడు పట్టింది నూకాలుకి వణుకు. రాత్రి ఆ సందులో కూడా అంత వణకలేదు.

క్యాసెట్ మీద అరచెయ్యి వేసి గట్టిగా అదిమింది.

"సట్టం ఏటంటాదో నాకు తెల్దు బాబూ. నానొప్పుకోకుండా ఇంటే నీకూ ఆడికీ తేడా ఏటి? నా నోటితో నాను సెప్తాను... రాసుకో."