దాలినాయుడు వదిలిన సగం

తొమ్మిదో అంతస్తు కాఫీ యంత్రం ధారిణి పొట్ట ఖాళీ గుళికలతో నిండిందని నూకరత్నం మణికట్టు మీది పట్టీ చిన్నగా గిల్లింది. ఎనిమిదిలో పని ముగించుకుని, తోపుడుబండితో సహా ఆమె లిఫ్టు ఎక్కింది. బండి నిండా కొత్త గుళికలు. చికోరీ కాస్త ఎక్కువ పడినవి, అసలు పడనివి, చక్కెర తగ్గించినవి, మిరియం వాసన తగిలించినవి. ఒక్కోదాని మీద ఒక్కో మనిషి ముద్ర ఉంది. ఎవరి గుళిక వారిదే. అన్నదమ్ములైనా సరే, ఒకరి గుళికతో మరొకరికి కాఫీ రాదు.

తొమ్మిదిలో ఉన్నది ఓడల హాలు. సముద్రం మీద మనుషులు లేని ఓడలు, ఇక్కడ ఓడలు లేని మనుషులు. గాజుబల్లల ముందు కూర్చున్న చుక్కానిదారులు వేళ్లతో గీతలు గీస్తూ ఓడల్ని విశాఖ రేవులోకి తెచ్చి కట్టేస్తుంటారు. వాళ్ల చెయ్యి వణికితే అక్కడ ఓడ వణుకుతుంది. అందుకని వాళ్ల కుదురును కనిపెట్టే పని ధారిణికి అప్పగించారు. నాడిపలక మీద బొటనవేలు ఆనిస్తే చాలు, ఎంత నిద్రపోయారు, మనసెలా ఉంది, డికాక్షన్ ఎంత చిక్కగా పొయ్యాలి, అన్నీ అదే చూసుకుంటుంది. తాగాక కప్పును తిరుగు అరలో పెడితే మళ్లీ తూచి చూస్తుంది. కాఫీ ఇచ్చేటప్పుడు తల్లి, కప్పు తీసుకునేటప్పుడు అత్తగారు అని నూకరత్నం దాన్ని ఆటపట్టిస్తూ ఉంటుంది.

తిరుగు అర తెరిచేసరికి ముందుగా ఆమె కంటపడింది దాలినాయుడి కప్పు. అందులో సగం పాలు అలాగే ఉన్నాయి.

ఆ హాలులో పాలకప్పంటే అందరికీ భయమే. కుదురు తగ్గిన వాళ్లకి ధారిణి డికాక్షన్ పలచన చేస్తూ పోతుంది. చివరికి వట్టి పాలు పోస్తుంది. దాలినాయుడికి కొన్నాళ్లుగా పాలే వస్తున్నాయి.

“దాలినాయుడు గారి కప్పు సగం తిరిగి వచ్చింది,” అంది ధారిణి, ఎప్పటి మర్యాదతోనే. “తిరస్కారంగా నమోదు చేశాను. కుదురు అంచున ఉంది. మధ్యాహ్నపు కప్పు కూడా ఇలాగే వస్తే ఒడ్డు విధికి బదిలీ.”

ఒడ్డు చేరడమంటే లోకంలో అందరికీ గట్టెక్కడం. ఈ హాలులో మాత్రం మునిగిపోవడమే. గాజుబల్ల తీసేసుకుంటారు, ఓడలు తీసేసుకుంటారు, ఇంటి దగ్గరే కూర్చుని పాత ప్రయాణాల బొమ్మలకు పేర్లు పెట్టుకోమంటారు. అలా వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదు. దాలినాయుడి భార్య కాసులమ్మ కార్తీకంలో పోయింది. ఆ ఇంట్లో ఇక పలకరించే మనిషి లేదు.

నూకరత్నం గుళికలు సర్దడం ఆపి దాలినాయుడి బల్ల దగ్గరికి వెళ్లింది. గాజు మీద ఎర్రటి చుక్క ఒకటి మెల్లగా కదులుతోంది. అది ఇనపరాయి మోసే ఓడ. ఆయన వేలు దాన్ని పసిపిల్లను నడిపించినట్టు తీసుకొస్తోంది. గీత వెంట్రుకవాసి కూడా తప్పడం లేదు.

“బాబాయ్, కాఫీ నచ్చడం లేదేటి?”

“నచ్చకేమమ్మా. ఇప్పుడంటే పాలు పోస్తన్నాది గానీ, అంతకుముందు బాగానే ఉండేది.”

“మరి సగం వదిలీస్తన్నారెందుకు?”

ఓడ మలుపు దాటేదాకా ఆగి, వేలు తీసి, ఆమె వైపు తిరిగాడు.

“మాది వన్ బై టూ అమ్మా. పెళ్లికి ముందు నుంచీనూ అంతే. రేవు గేటు కాడ బండి మీద ఒక కాఫీ చెప్పి రెండు గ్లాసుల్లో పోయించుకునీవోళ్లం. పెళ్లయ్యాక ఇంటికాడా ఒక్క గ్లాసే కలిపీది మీ పిన్ని. నేను సగం తాగి అటు తోసీడం, తనేమో మిగతాది తాగీడం. నాకు తెలిసిన కాఫీ తాగడం అదొక్కటే. ఇప్పుడు ఎదర మనిషి లేకపోయినా చెయ్యి తోసీస్తన్నాది. చెప్తే వినదు.”

“ఈ పూటకి ఎలాగోలా మొత్తం తాగీకూడదా?”

“నిన్న చూసేను. గొంతు దిగలేదమ్మా. ఆవిడ వాటా తాగీసినట్టు ఉంటాది.”

నూకరత్నం తిరిగి ధారిణి దగ్గరికి వచ్చి కారణాల పలక తెరిచింది. చేదు, తీపి, వేడి, నలత. అంతకుమించి అక్కడేమీ లేదు.

“ఆయన వద్దని వదల్లేదే తల్లీ. ఒకరి కోసం ఉంచేరు.”

“ఎవరి కోసం?” అని అడిగింది ధారిణి.

“వాళ్లావిడ కోసం.”

“ఈ భవనంలో ఆమె ముద్ర లేదు.”

దానికి అబద్ధం చెప్పడం రాదు, జాలిపడడమూ రాదు. నూకరత్నానికి ఒళ్లు మండింది గానీ, రోటి మీద కోపం చూపించి ఏం లాభం. హాలు బాధ్యురాలు మేరీ సుజాత గదికి వెళ్లింది. సుజాత అంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“నాకు తెలీదనుకున్నావా రత్నం? ఆయన ఓడ ఒక్కటి కూడా గీత దాటలేదు. ఆ మాట పైవాళ్లకి రాసీసేను కూడా. ఓడని కాదు, మనిషిని చూస్తాం అన్నారు. మనిషిని చూసేది ఆ యంత్రమే కదా.”

“ఒలకబోసీమననా?”

“తొట్టిలో పోస్తే పైపు ధారిణికి చెప్పీస్తాది. అది ఇంకా పెద్ద తప్పు. నువ్వు మాత్రం పిచ్చి పనులేవీ చెయ్యకు. ఒకరి కప్పు మరొకరు ముట్టి ముద్ర మీరితే నీ పట్టీ కోసీస్తారు, నేను ఆపలేను.”

పట్టీ పోతే ఏ అంతస్తు తలుపూ తెరుచుకోదు. ఆ సంగతి నూకరత్నానికి వేరే చెప్పనక్కర్లేదు.

మధ్యాహ్నం దాలినాయుడు వరసలో నిలబడి బొటనవేలు ఆనించాడు. పాలు వచ్చాయి. కప్పు తెచ్చుకుని బల్ల ముందు కూర్చుని, ఒక్కో గుక్కా కష్టపడి మింగాడు. సగానికి రాగానే చెయ్యి ఆగింది. కప్పు బల్ల మీద మెల్లగా అవతలికి జరిగింది. కప్పు చెవిని కూడా ఎదుటి ఖాళీ కుర్చీ వైపు తిప్పి పెట్టాడాయన, అవతలి మనిషి వేళ్లు కాలకుండా. ఆ తర్వాత తను చేసిన పని తనే చూసుకుని తల వంచుకున్నాడు.

అటువైపే చూస్తున్న నూకరత్నానికి ఇక ఆలోచన తోచలేదు. బండి అక్కడే వదిలి వెళ్లి ఆ ఖాళీ కుర్చీలో కూర్చుంది. కప్పు అందుకుంది. మణికట్టు మీద పట్టీ గిల్లింది, మళ్లీ ఇంకాస్త గట్టిగా గిల్లింది. పాలు చల్లారిపోయాయి, పైన మీగడ కట్టింది. ఆమెకు చిన్నప్పటి నుంచీ మీగడ పడదు. అయినా చివరి చుక్క దాకా తాగి కప్పు బల్ల మీద పెట్టింది.

దాలినాయుడు ఆ ఖాళీ కప్పు వంక చూశాడు. “చల్లారిపోయినట్టున్నాది. రేపు తొందరగా తోస్తాన్లే,” అన్నాడు.

కప్పు తిరుగు అరలోకి వెళ్లింది. ధారిణి తూచింది. మళ్లీ తూచింది. తర్వాత దాని లోపల ఆవిరి చప్పుడు ఆగిపోయింది. భవనంలోని ధారిణులన్నిటికీ బుద్ధి ఒక్కటే కాబట్టి, ఇది ఆగితే అన్నీ ఆగాయి. కింది అంతస్తుల నుంచి ఖాళీ కప్పులతో మనుషులు మెట్ల మీదికి వచ్చారు.

“కప్పు మీద ఇద్దరి పెదవులున్నాయి,” అంది ధారిణి. “తాగినవారు ఒక్కరే అయి ఉండాలి. ఎవరో చెప్పండి.”

పలక మీద రెండు పేర్లు వెలిగాయి. ఆయన పేరు నొక్కితే అబద్ధమాడినట్టు. తన పేరు నొక్కితే పట్టీ పోతుంది, ఆయన సగం సగంగానే మిగిలిపోతుంది. గదిలోంచి పరుగున వచ్చిన సుజాత మెడలో యంత్రాన్ని ఆపి మళ్లీ మొదటి నుంచి నడిపించే తాళంచెవి వేలాడుతోంది. అందరూ ఆ తాళం వంకే చూశారు. సుజాత ఆ ఇద్దరినీ చూసి, తాళాన్ని కొంగు కిందకి తోసేసుకుంది.

నూకరత్నం ఏ పేరూ నొక్కలేదు. బొటనవేలు నాడిపలక మీద పెట్టి, “రండి బాబాయ్,” అంది. ఆయన వచ్చి తన వేలు పక్కన ఆనించాడు. పలక ఒక్కరికే సరిపోయేంత చిన్నది కావడంతో రెండు వేళ్లూ ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి.

ఆవిరి మళ్లీ లేచింది. ధారిణి ఏ గుళికనూ తీసుకోలేదు. అన్ని అంతస్తుల్లోనూ ఒకేసారి, పుట్టినప్పటి నుంచీ ఎన్నడూ అడగని మాట అడిగింది.

“ఎంతమందికి?”

చుక్కానిదారులు బల్లల మీద నుంచి తలలెత్తి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ల వేళ్లు ఆగడంతో సముద్రం మీద ఓడలన్నీ ఎక్కడివక్కడ నిలబడ్డాయి.

దాలినాయుడు వేలు తియ్యకుండానే యంత్రం వైపు వంగాడు.

“ఒక కాఫీయే అమ్మా,” అన్నాడు ధారిణితో. “రెండు గ్లాసుల్లో పొయ్యి.”